ఖాళీగా ఉన్నానని చెబితే పని అడిగినట్టు కాదు

ఏటా మే నెల వచ్చేసరికి హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలోని లా ఫర్ములు, అడ్వకేట్ల ఆఫీసులు ఇంటర్న్‌లతో నిండిపోతాయి. కాలేజీలకు అప్పుడే సెలవులు. చిత్రమేమిటంటే, హైకోర్టులకూ అప్పుడే సెలవులు. కోర్టు చూద్దామని వచ్చిన విద్యార్థికి వెకేషన్ కోర్టు తప్ప పెద్దగా కనిపించేదేమీ ఉండదు. సీనియర్లు ఊళ్లో ఉండరు, ఉన్నా కోర్టులు తెరిచాక వెయ్యాల్సిన పిటిషన్లలో తలమునకలై ఉంటారు. ఇంటర్న్ ఒక మూల కుర్చీలో కూర్చుని, ఎవరైనా పిలిచి పని చెబుతారేమోనని చూస్తూ నెల గడిపేస్తాడు. చివరి రోజున సర్టిఫికెట్ తీసుకుని, ‘అక్కడ ఏమీ నేర్పరు’ అన్న మాటను కాలేజీకి మోసుకెళ్తాడు. ఆ మాటలో నిజముంది, కానీ అది సగమే. లా ఆఫీసులో పని ఎవరూ వడ్డించరు; అది ఫైలులో ఉంటుంది. ఫైలు చదివి, అందులో తర్వాత జరగాల్సిందేమిటో గుర్తించి, ఫలానాది నేను చేస్తానని అడిగినవాళ్లకే అది దక్కుతుంది. అలా అడగగలగడం మర్యాదకో చొరవకో సంబంధించిన చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, వకీలు రేపు కక్షిదారు కోసం చెయ్యబోయే పని కూడా సరిగ్గా అదే.

ముందు కాలం లెక్క చూద్దాం. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి న్యాయ విద్యా నిబంధనల ప్రకారం మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ విద్యార్థి చదువు మొత్తంలో కనీసం 12 వారాలు, అయిదేళ్ల కోర్సు విద్యార్థి కనీసం 20 వారాలు ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. ఏ సంవత్సరంలోనూ అది ఏకధాటిగా నాలుగు వారాలు మించకూడదు. వారానికి అయిదు పనిదినాలు వేసుకుంటే ఒక విడతకు దక్కేది 20 రోజులు. మొదటి వారం బెరుకుతోనూ రెండో వారం ఎదురుచూపులతోనూ పోతే చేతిలో మిగిలేది సగం. పోనీ, పట్టా వచ్చాక నేర్చుకుందామంటే అలాంటి దశ మన చట్టంలో లేదు. 1961 అడ్వకేట్ల చట్టంలో ఎన్‌రోల్‌మెంట్‌కు ముందు శిక్షణ, పరీక్ష ఉండాలన్న నియమం మొదట్లో ఉండేది. 1973 సవరణ దాన్ని తీసేసింది. బార్ కౌన్సిల్ 1995లో ఏడాది శిక్షణ నిబంధనలు తెస్తే, ఆ అధికారం చట్టం ఇవ్వలేదంటూ 1999లో వి.సుధీర్ కేసులో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. 2011 నుంచి జరుగుతున్న అఖిల భారత బార్ పరీక్షలో ఇచ్చిన జవాబుల్లోంచి సరైనది గుర్తిస్తే చాలు. ఒక ప్లెయింట్ రాయడం వచ్చా అని అది అడగదు. ఇంగ్లండ్‌లో 2021లో వచ్చిన కొత్త పద్ధతిలో సొలిసిటర్ కావాలంటే రెండేళ్ల పని అనుభవం చూపించాలి. మన దగ్గర నల్లకోటు వేసుకునే ముందు తప్పనిసరిగా దొరికే ప్రాక్టికల్ అనుభవమంటే, కాలేజీ పెట్టే మూట్ కోర్టుల్లాంటివి పోను, ఈ కొన్ని వారాలే. అందుకే వాటిలో ఒక్కో రోజుకు అంత విలువ.

మరి ఆఫీసులు పని ఎందుకు చెప్పవు? ఇంటర్న్‌లంటే చిన్నచూపు అన్నది చాలామంది చెప్పుకునే కారణం. కొన్నిచోట్ల అది నిజమే కావచ్చు. అంతకంటే బలమైన కారణం, పని చెప్పడానికి అయ్యే ఖర్చు. సీనియర్ పొద్దున పదిన్నర నుంచి కోర్టు హాళ్ల మధ్య తిరుగుతారు, సాయంత్రం క్లయింట్లతో మాట్లాడతారు, రాత్రి మర్నాటి కాజ్ లిస్ట్ చూసుకుని కేసు కట్టలు తిరగేస్తారు. తనకు పది నిమిషాల్లో అయ్యే పనిని కొత్తవారికి చెప్పాలంటే కేసు పూర్వాపరాలు వివరించాలి, చేసి తెచ్చినది వాక్యం వాక్యం సరిచూడాలి. పైగా పిటిషన్ కింద సంతకం అడ్వకేట్‌ది. తప్పు దొర్లితే బెంచి ముందు మాట పడేది అడ్వకేటే, నష్టపోయేది కక్షిదారు. మామూలు సివిల్ దావాలో రిటన్ స్టేట్‌మెంట్ ఆలస్యమైతే కోర్టు కొంత ఉదారంగా చూడొచ్చు; వాణిజ్య దావాలో సమన్లు అందిన 120 రోజులు దాటితే ప్రతివాదికి ఆ హక్కే పోతుంది. ఇంత బరువున్న పనిని నెల రోజుల్లో వెళ్లిపోయే వ్యక్తి చేతిలో పెట్టడానికి ఏ సీనియరైనా వెనకాడతారు. అది అహంకారం కాదు, జాగ్రత్త. కాబట్టి విద్యార్థి చెయ్యగలిగిందల్లా ఆ ఖర్చునూ ఆ భయాన్నీ తగ్గించడమే.

‘అడగందే అమ్మైనా పెట్టదు’ అన్న సామెత ఇక్కడ సగమే పనికొస్తుంది. అమ్మకు మన ఆకలి తెలుసు, ఏం పెట్టాలో కూడా తెలుసు. సీనియర్‌కు మనకేం వచ్చో తెలియదు, ఏం ఇవ్వాలో ఆలోచించే తీరికా లేదు. ‘సార్, పనేమైనా ఉందా?’ అని ఇంటర్న్ అడిగితే, తగిన పని వెతకడమనే ఇంకో పని ఆయన నెత్తిన పడుతుంది. సులువుగా వచ్చే జవాబు ‘చెబుతాలే’. దాన్ని తిరస్కారమనుకుని విద్యార్థి మళ్లీ నోరు విప్పడు. నిర్దిష్టంగా అడగడమంటే ఏమిటో చూడటానికి చెక్ బౌన్స్ కేసునే తీసుకోండి. మన కోర్టుల్లో ఇంతకంటే మామూలు ఫైలు ఉండదు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద కేసు నిలబడటం దాదాపుగా తేదీల మీదే ఆధారపడుతుంది. చెక్కు రాసిన మూడు నెలల్లోపు బ్యాంకులో వెయ్యాలి. అది తిరిగొచ్చిందని తెలిసిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆ గడువు ముగిశాక నెలలోపు ఫిర్యాదు వెయ్యాలి. ఫైలు చదివిన ఇంటర్న్ ఈ తేదీలన్నీ ఒక పట్టికగా రాసి, ‘మేడమ్, నోటీసు పోస్టు చేసిన రసీదు ఉంది గానీ అందినట్టు చూపే కాగితం కట్టలో లేదు, ట్రాకింగ్ రిపోర్టు తీసి పెట్టమంటారా?’ అని అడిగాడనుకోండి. ఆ ప్రశ్నకు ‘తియ్యి’ అని ఒక్క మాటలో జవాబు చెప్పొచ్చు. వివరించాల్సిన పని లేదు, సరిచూడటానికి రెండు నిమిషాలు చాలు. ఇంటర్న్ ఫైలు చదివాడనీ, అర్థం చేసుకున్నాడనీ, ఏది లోటో గుర్తించగలడనీ ఆ ఒక్క ప్రశ్నతో తెలిసిపోతుంది. తర్వాతి చెక్ బౌన్స్ కేసులో నోటీసు ముసాయిదా రాసే అవకాశం అతని దాకా రావడానికి దారి అక్కడే పడుతుంది.

ఏ విభాగంలోనైనా ఇదే సూత్రం. సివిల్ దావాలో వాద ప్రతివాదాలు చదివి, ప్లెయింట్‌లో ఏ పేరాను అవతలివారు ఒప్పుకున్నారు, దేన్ని కాదన్నారు, దేనికి అసలు జవాబే చెప్పలేదు అన్నది పక్కపక్క గడుల్లో రాసి పెట్టొచ్చు. ఇష్యూలు ఖరారు చేసేటప్పుడు, క్రాస్ పరీక్షకు తయారయ్యేటప్పుడు ఆ కాగితం సీనియర్ చేతిలో ఉంటుంది. కంపెనీల పనులు చూసే ఫర్ములో స్థలం కొనుగోలు వ్యవహారముంటే లింక్ డాక్యుమెంట్లను వరుసగా పేర్చి, ఈసీలో (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో) కనిపించే లావాదేవీ ఏదైనా ఆ వరుసలో లేదేమో చూడొచ్చు. క్రిమినల్ వైపు 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టాలు విద్యార్థులకు అనుకోని వెసులుబాటు తెచ్చాయి. మోసం కేసులకు దశాబ్దాలుగా చెప్పుకున్న 420 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318. హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేసే 482 ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 528. అదే సంహితలో 482 అంకె ముందస్తు బెయిలుకు వెళ్లింది. పాత అంకెలు నాలుక మీద నిలిచిపోయిన సీనియర్‌కు, పాత కేసుకు ఏ చట్టం వర్తిస్తుందో, కొత్తదానికి ఏ సెక్షన్ రాయాలో సరిచూసి పెట్టే మనిషి నిజంగా అక్కరకొస్తాడు. వృత్తిలో ముప్ఫై ఏళ్లున్నవారూ నిన్న చేరినవారూ ఒకే పుస్తకాన్ని కొత్తగా చదువుతున్న ఇలాంటి సమయం తరచుగా రాదు.

ఇదంతా ఇంగ్లిష్ మీడియంలో, జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో చదివినవాళ్లకు చెల్లుతుంది గానీ, జిల్లా కాలేజీ నుంచి తెలుగు మీడియంలో వచ్చిన పిల్లలు ఎక్కడ అడగగలరన్న సందేహం సహజం. భాష వల్ల వచ్చే జంకు నిజమైనదే. అయితే తెలుగు రాష్ట్రాల ఆఫీసుల్లో ఉండే కాగితాలు ఏ భాషలో ఉంటాయో కూడా చూడాలి. పాత దస్తావేజులు తెలుగులో ఉంటాయి, అదీ ఒక్కో లేఖరి ఒక్కో రకం గొలుసుకట్టు రాతలో. అడంగళ్లు, పహాణీలు, గ్రామ పెద్దల ముందు రాసుకున్న పంపకాల కాగితాలు, పోలీసుల ముందు సాక్షులు చెప్పిన వాంగ్మూలాలు తెలుగులో ఉంటాయి. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టు వ్యవహారాలు నడిచేది ఇంగ్లిష్‌లో. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీని ఎవరో ఒకరు అనువాదంతో పూడ్చాలి. ‘తూర్పు హద్దు డొంక’ అంటే ఏమిటో, ‘దఖలు పరిచాను’ అన్న మాటకు బరువెంతో ఇంగ్లిష్‌లో తడుముకోకుండా మాట్లాడే విద్యార్థికి తెలియకపోవచ్చు, పల్లె నుంచి వచ్చిన విద్యార్థికి తెలుస్తుంది. ‘ఈ విక్రయ దస్తావేజులోని హద్దులను, పాత పంపకాల కాగితంలోని హద్దులతో పోల్చి రాసి పెడతాను’ అని అడగడానికి ధారాళమైన ఇంగ్లిష్ అక్కర్లేదు. తన బలం ఎక్కడుందో తెలిసి, ఆ చోటు నుంచి పని అడిగితే చాలు. పైగా ఎలా అడగాలో లాయర్ల ఇళ్లలో పుట్టిన పిల్లలు ఇంట్లోనే నేర్చుకుంటారు. తొలితరం విద్యార్థికి దాన్ని బాహాటంగా చెప్పకపోవడమే అసమానతను పెంచుతుంది.

కృత్రిమ మేధ వచ్చాక ఈ వాదనకు ఇంకా బలం చేకూరింది. ఒకప్పుడు ఇంటర్న్‌కు అలవాటుగా చెప్పే పని, ఫలానా అంశం మీద తీర్పులు వెతకడం. ఇప్పుడు ఏ యంత్రాన్ని అడిగినా క్షణాల్లో జాబితా ఇస్తుంది. అంటే కూర్చుని ఎదురుచూసేవారి దాకా వచ్చే పని ఇంకా తగ్గుతుంది. కానీ ఆ జాబితాను నమ్మొచ్చా? 2023లో న్యూయార్క్‌లో మాటా వర్సెస్ ఏవియాంకా కేసులో, చాట్‌జీపీటీ పుట్టించిన లేని తీర్పులను ఉటంకించినందుకు లాయర్లకు ఫెడరల్ కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. ఆ ముప్పు ప్రతి ఆఫీసుకూ ఉంది. ముసాయిదాలో ఉటంకించిన ప్రతి తీర్పునూ సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లోనో అధికారిక రిపోర్టులోనో తెరిచి, చెప్పిన పేరాలో చెప్పిన మాట ఉందో లేదో, ఆ తీర్పును తర్వాత మరో బెంచి తోసిపుచ్చిందేమో చూసి పెడతానంటే వద్దనే సీనియర్ అరుదు. ఆ పని చేస్తూ విద్యార్థి ముప్ఫై తీర్పులు చదువుతాడు. తరగతి గదిలో సెమిస్టర్ మొత్తానికీ అన్ని తీర్పులు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివేవారు ఎందరు?

ఇక అభ్యంతరాలకు వద్దాం. మొదటిది గట్టిదే. నేర్పడం ఆఫీసు బాధ్యత కాదా? ఇంటర్న్‌ను తీసుకున్నాక పని చూపించకపోవడం ఆఫీసు తప్పు. ఆ తప్పును విద్యార్థి చొరవ లేకపోవడంగా తిప్పి చెప్పడం అన్యాయం. నిజమే. వారానికి ఒక పావుగంట కూడా ఇవ్వలేని ఆఫీసు ఇంటర్న్‌లను తీసుకోకూడదు. వచ్చిన తొలి రోజునే ఒక జూనియర్‌కు అప్పగించి, రెండు ఫైళ్లు చేతిలో పెట్టడం కనీస ధర్మం. అయితే ఆఫీసు బాధ్యత నెరవేర్చలేదని రుజువైనంత మాత్రాన విద్యార్థికి పోయిన 20 రోజులు తిరిగిరావు. బాధ్యత ఎవరిదన్నది ఒక ప్రశ్న, నష్టం ఎవరిదన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు ఆఫీసు, రెండోదానికి విద్యార్థి. నష్టపోయేవారే ముందు కదలాలన్నది న్యాయం కాకపోవచ్చు గానీ, లోకంలో జరిగేది అదే. హక్కులున్నా గడువులోపు కోర్టుకు రాకపోతే దావా చెల్లదని లిమిటేషన్ చట్టంలో చదువుకున్నవారికి ఇది కొత్త సంగతేమీ కాదు.

రెండో అభ్యంతరం మన అలవాట్లకు సంబంధించినది. పెద్దవాళ్లు పిలవకుండా మాట్లాడకూడదని పెరిగిన పిల్లలు సీనియర్ గదిలోకి వెళ్లి పని అడిగితే అతి అనిపించుకోరా? అనిపించుకుంటారు, వేళ తెలియకుండా అడిగితే. వాయిదాకు బయల్దేరుతున్న మనిషిని గుమ్మంలో ఆపకూడదు. క్లయింటు ఎదురుగా ఉండగా ఫైలులో తప్పు చూపించకూడదు. అడగాల్సింది మొదట సీనియర్‌ను కాదు, ఆ ఫైలు చూస్తున్న జూనియర్‌ను. ఆయన చేతిలోనే పని పేరుకుని ఉంటుంది, భారం తగ్గించుకోవాలన్న ఆసక్తీ ఆయనకే ఎక్కువ. విద్యార్థులు ఎక్కువగా మరిచిపోయే మనిషి గుమస్తా. ఏ కేసు ఏ దశలో ఉందో, ఏ పిటిషన్‌ను ఆఫీసు అభ్యంతరాలతో రిజిస్ట్రీ తిప్పి పంపిందో, సర్టిఫైడ్ కాపీకి ఎక్కడ దరఖాస్తు పెట్టాలో ఆయనకు తెలిసినంతగా ఆఫీసులో ఇంకెవరికీ తెలియదు. తిప్పి పంపిన పిటిషన్‌లోని అభ్యంతరాలను ఒక్కొక్కటిగా సరిచెయ్యడంలో గుమస్తాకు చెయ్యందిస్తే, ప్రొసీజర్ కోడ్ పుస్తకంలో అర్థంకానివి కొన్ని అక్కడ అర్థమవుతాయి. వినయానికీ చొరవకూ వైరం లేదు. తన తాహతుకు తగిన పనిని, తగిన మనిషిని, తగిన వేళలో అడగడం వినయమే.

మూడో అభ్యంతరం దోపిడీ గురించి. చాలా ఆఫీసులు ఇంటర్న్‌లకు పైసా ఇవ్వవు. జీతం లేకుండా వచ్చినవారిని ఇంకా పని అడగమనడం, ఉచిత చాకిరీకి ఉత్సాహంగా వెళ్లమనడమే కదా? ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారెయ్యకూడదు. 2024లో జూనియర్ అడ్వకేట్లకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామాల్లో 15,000 రూపాయల కనీస స్టైపెండ్ ఇవ్వాలని బార్ కౌన్సిల్ సిఫార్సు చేసింది. అదీ ఎన్‌రోల్ అయినవారికే, అదీ సిఫార్సే. హైదరాబాద్‌లో నెల హాస్టల్ ఖర్చు భరించలేని విద్యార్థి మంచి ఫర్ము దాకా రాలేడు. ఇంటర్న్‌కు కనీసం దారిఖర్చులూ భోజనమూ అయినా ఇవ్వాలని అడగడం సమంజసం. కానీ దోపిడీ జరిగేది ఎక్కువగా పని అడగని ఇంటర్న్‌కే. ఏదీ ఎంచుకోని మనిషికి ఎవరికీ అక్కర్లేని పని వస్తుంది: రోజంతా జిరాక్సులు, సీనియర్ సొంత బిల్లుల చెల్లింపులు, కారు దగ్గరికి సంచులు మొయ్యడం. ఫైలు పనిలో ఉన్నవారిని వాటికి పిలవడం కష్టం. నేర్పే పనికీ చాకిరీకీ తేడా పట్టుకోవడానికి ఒక కొలత ఉంది. చేసిన పనిని ఎవరైనా చూసి, తప్పులు చెప్పారా లేదా? చెప్పకపోతే చెప్పమని అడగడం కూడా పని అడగడంలో భాగమే. అలాగే, చొరవ చూపమనే మాటను ఆడపిల్లల విషయంలో వేళాపాళా లేని పిలుపులకు అనుమతిగా ఎవరూ వాడుకోకూడదు. 2013 నాటి పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం జీతం ఉన్నా లేకున్నా, ట్రెయినీలను కూడా ఉద్యోగుల నిర్వచనంలోకి తెచ్చింది. ఆఫీసులో పదిమంది లేకపోతే జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చెయ్యొచ్చు. ఈ సంగతి ప్రతి కాలేజీ ఇంటర్న్‌షిప్‌కు పంపే ముందే చెప్పాలి.

చొరవకు హద్దులూ ఉన్నాయి. ఇంటర్న్ అడ్వకేట్ కాదు. కోర్టులో వాదించే అర్హత లేదు, క్లయింటుకు సలహా చెప్పే అధికారమూ లేదు. వరండాలో ఆతృతగా అడిగే కక్షిదారుకు ‘గెలుస్తారండీ’ అని ధైర్యం చెప్పడం చొరవ కాదు, ప్రమాదం. ఫైలులో చదివినది ఆఫీసు గోడలు దాటకూడదు. కక్షిదారు రహస్యాన్ని కాపాడే భారతీయ సాక్ష్య అధినియమ్ 132వ సెక్షన్ వకీళ్లతో పాటు వారి గుమస్తాలకూ ఉద్యోగులకూ వర్తిస్తుంది. ఇంటర్న్ తనకది పట్టదనుకోవడానికి వీల్లేదు. క్లయింటు కాగితాన్ని ఏ ఉచిత యంత్రంలోనో అతికించి సారాంశం తెమ్మనడం కూడా ఇందులోకే వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, అడిగి తీసుకున్న పనిని చెప్పిన గడువుకు ఇవ్వడం. కాకపోతే ముందురోజే చెప్పాలి. అయిదు పనులు అడిగి మూడు సగంలో వదిలేసిన ఇంటర్న్‌కు కాదు, ఒక్కటి అడిగి పూర్తిచేసినవారికే రెండో పని వస్తుంది.

మార్చాల్సినది విద్యార్థుల అలవాటు ఒక్కటే కాదు, కాలేజీల మూల్యాంకనం కూడా. నేడు చాలా కాలేజీలు చూసేది హాజరు చెప్పే సర్టిఫికెట్, డైరీలో నింపిన పేజీలు. ఆ డైరీని పాత డైరీల నుంచి ఎత్తి రాస్తారన్నది లా కాలేజీల్లో బహిరంగ రహస్యం. దాని బదులు మూడు ప్రశ్నలకు జవాబు రాయించి, వైవాలో నిలదీస్తే చాలు: ఏ ఫైలు చదివావు, అందులో ఏ పని అడిగావు, చేసినదాంట్లో సీనియర్ ఏం దిద్దారు? ఎవరి పేర్లూ బయటపెట్టకుండానే వీటికి జవాబు చెప్పొచ్చు. అడగని విద్యార్థీ నేర్పని ఆఫీసూ ఒకేసారి బయటపడతాయి. ఏ ఆఫీసుకు వెళ్లిన పిల్లలు మూడో ప్రశ్నను ఏటా ఖాళీగా వదిలేస్తున్నారో కాలేజీ గమనించి, అక్కడికి పంపడం మానెయ్యాలి. ఈలోగా విద్యార్థి ఎవరి సంస్కరణ కోసమూ ఆగనక్కర్లేదు. చేరిన రోజునే ఒక ఫైలు అడిగి తీసుకుని, సాయంత్రానికి దాని తేదీల పట్టిక రాసి, మర్నాడు పొద్దున ఒకే ఒక్క నిర్దిష్టమైన పని అడగాలి. కాదంటే ఇంకో ఫైలు అడగాలి. రెండు వారాలపాటు ఇలా అడిగినా ఏ పనీ ఇవ్వని ఆఫీసు ఉంటే, వచ్చే ఏడాది ఎక్కడికి వెళ్లకూడదో తేలినట్టే. ఆ నిర్ణయానికి రావడానికైనా ముందు అడిగి చూసి ఉండాలి.